తీపి కొమ్మ మీదే చేరాలి

సీజన్ మొదట్లో బజారుకు దిగే బంగినపల్లి పైకి పచ్చని పసిమితో మెరిసిపోతుంది. కోసి చూస్తే టెంక చుట్టూ తెల్లటి కండ, నాలుక మీద పులుపు. పిల్లలు ఒక్క ముక్క కొరికి పళ్లెం పక్కకు నెట్టేస్తారు. ‘కార్బైడ్ కాయ’ అని, అంటే కార్బైడ్ అనే రసాయనంతో మాగబెట్టిందని, పెద్దలు తేల్చేస్తారు. అది సగం నిజమే. ఆ కాయను నిబంధనల ప్రకారం గ్యాస్ గదిలో మాగబెట్టినా తీపెక్కేది కాదు. తీపిగా మారడానికి అందులో సరుకే లేదు.

ఆకులు ఎండలో తయారుచేసిన చక్కెర ముచ్చిక గుండా కాయలోకి దిగుతుంది. కాయ దాన్ని పిండిపదార్థంగా మార్చి దాచుకుంటుంది. పిందె కట్టిన దగ్గర్నుంచి బంగినపల్లి కాయ పక్వానికి రావడానికి సుమారు 100 రోజులు పడుతుంది. టెంక గట్టిపడ్డాకే ఈ నిల్వ బాగా పెరుగుతుంది. కోశాక కాయలో పుట్టే ఎథిలీన్ అనే వాయువు ఎంజైములను మేల్కొల్పుతుంది. పిండి విరిగి చక్కెర అవుతుంది. పులుపునిచ్చే సిట్రిక్ ఆమ్లం కాయ శ్వాసలో ఖర్చయిపోతుంది. పత్రహరితం తగ్గి కెరోటిన్ పసుపు తేలుతుంది, కండను గట్టిగా పట్టి ఉంచే పెక్టిన్ సడలి కండ మెత్తబడుతుంది, వాసన పుడుతుంది. వీటిలో రంగు మారడం తేలిక. అందుకే లేతకాయ కూడా పండు వేషం వేయగలుగుతోంది.

కార్బైడ్‌తో మాగబెట్టడాన్ని 2011 నాటి ఆహార భద్రత నిబంధనలు నిషేధించాయి. దాన్నుంచి వచ్చే ఎసిటిలీన్ వాయువుతో పాటు ఆర్సెనిక్, భాస్వరపు మలినాలు కూడా ఉండవచ్చు కనుక ఆ నిషేధాన్ని గట్టిగా అమలు చేయాల్సిందే. 2016లో ఎథిలీన్ గ్యాస్‌ను 100 పీపీఎం (గాలిలో పది లక్షల భాగాలకు వంద భాగాలు) వరకు అనుమతించారు. మంచిదే. కాని తనిఖీలన్నీ కాయను దేనితో మాగబెట్టారన్న దాని చుట్టూనే తిరుగుతున్నాయి. ఎలాంటి కాయను మాగబెట్టారన్నది అడిగేవారు లేరు.

లేతకోతకు రైతును తిట్టిపోయడం అన్యాయం. ముందు దిగిన కాయకే ధర. ఆలస్యం చేస్తే ఒక్క గాలివానకు తోటంతా నేలపాలు. చాలా తోటలు పూత మీదే గుత్తకు పోతాయి. గుత్తేదారు కూలి కలిసొస్తుందని చెట్టు మీది కాయనంతా ఒకే విడతలో దింపేస్తాడు. ఒకే చెట్టు మీద ముందు పూత కాయ, వెనుక పూత కాయ కలిసే ఉంటాయని అతనికి తెలియక కాదు.

దీనికి తోడు ఎండ. వేడి మితిమీరి, నేలలో తడి తగ్గితే ఆకు తన రంధ్రాలు మూసుకుంటుంది. నీరు ఆదా అవుతుంది కాని చక్కెర తయారీ పడిపోతుంది. రాత్రుళ్లు కూడా చల్లబడకపోతే ఉన్న చక్కెర శ్వాసకే కరిగిపోతుంది. ఆహారం చాలని పిందె ముచ్చిక దగ్గర పొర కట్టి రాలిపోతుంది. చెట్టు తనను కాపాడుకునే పద్ధతి అది. పిందె నిలిచాక ఇచ్చే తడి, పాదుల్లో పరిచే ఎండుటాకు, చక్కెర రవాణాకు సాయపడే పొటాష్ అప్పుడే అక్కరకొస్తాయి.

మార్కెట్ యార్డులో పక్వత పరీక్ష పెట్టాలని మేము కోరుతున్నాం. దానికి పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. లాటులో నుంచి కొన్ని కాయలు తీసి బకెట్ నీళ్లలో వేస్తే ముదురుకాయ మునుగుతుంది, లేతకాయ తేలుతుంది. కాయ భుజాలు ముచ్చికను దాటి ఉబ్బాయా లేదా అన్నది కంటికే తెలుస్తుంది. అనుమానం వస్తే కండను ఎండబెట్టి పొడి బరువు చూడవచ్చు. మునిగిన లాటుకు వేలంలో ఎక్కువ ధర పలికితే రైతు మరో వారం ఆగుతాడు, రెండు మూడు విడతల్లో కోస్తాడు. మాగబెట్టే గదులు తోటల దగ్గరే, రైతు సంఘాల చేతిలో ఉంటే కార్బైడ్ పొట్లాల అవసరమూ తగ్గుతుంది.

కోత ముగిశాక తోట వంక చూసేవారుండరు. వచ్చే పూతకు కావలసిన పిండి నిల్వను చెట్టు కూడబెట్టుకునేది అప్పుడే. కాసి అలసిన చెట్టుకు జూన్, జూలైలలో కొమ్మ కత్తిరింపు, ఎరువు అందకపోతే మరుసటి ఏడు కాపు తప్పుతుంది. బంగినపల్లి మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న ప్రభుత్వం, గుత్త ఒప్పందాల్లో ఈ రెండు నెలల సంరక్షణ ఖర్చు ఎవరిదో రాయించే ఏర్పాటు ఈ సీజన్‌లోనే చేయాలి.