బత్తాయి తోటలో ఐన్‌స్టీన్

మా బామ్మర్ది జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్. ఎదుట మనిషి కనిపిస్తే చాలు, పాఠం మొదలవుతుంది. నల్లగొండ నుంచి దేవరకొండ పెళ్లికి పోతుంటే, ఫోన్‌లో మ్యాప్ చూసి తొవ్వ చెప్పే పని మా ఆవిడ వాడికే అప్పగించింది. తమ్ముడంటే అంత నమ్మకం.

"ఈ మ్యాప్ పనిచేస్తున్నదంటే ఐన్‌స్టీన్ పుణ్యమే బావా" అని అందుకున్నాడు. తమ గడియారాల టైము పంపి, మనం ఎక్కడున్నామో ఫోన్ లెక్కగట్టేలా చేసే జీపీఎస్ ఉపగ్రహాలు 20 వేల కిలోమీటర్ల ఎత్తున, గంటకు 14 వేల కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంటాయి. వేగంగా పోయే గడియారం నెమ్మదిస్తుందని 1905లో ఆయన సాపేక్షత సిద్ధాంతంలో చెప్పిన లెక్క. దాని ప్రకారం వాటి గడియారాలు మనవాటికన్నా రోజుకు 7 మైక్రోసెకన్లు (మైక్రోసెకను అంటే సెకనులో పదిలక్షలవ వంతు) వెనకబడతాయి. అయితే అంత ఎత్తున భూమి ఆకర్షణ తక్కువ. అందుకని 1915 నాటి సిద్ధాంతం ప్రకారం 45 మైక్రోసెకన్లు ముందుకు ఉరుకుతాయి. ఈ తేడా సవరించకపోతే ఒక్క రోజులోనే పది కిలోమీటర్లకు పైగా తప్పు వస్తుందట.

45 లోంచి 7 తీసేసేలోపు కారు మట్టిబాట పట్టింది. కాసేపటికి ఆ బాటా అయిపోయింది. చుట్టూ బత్తాయి చెట్లు, ఎదురుగా బోరు, స్టార్టర్ డబ్బా మీద ఆరేసిన తువ్వాల. "మీరు గమ్యస్థానానికి చేరుకున్నారు" అంది ఫోన్.

"ఐన్‌స్టీన్ తప్పేం లేదు. ఫంక్షన్ హాల్ గుర్తు ఈడ పెట్టినోడిది తప్పు" అని బామ్మర్ది తీర్పు చెప్పాడు.

తోట పెద్దాయన తాపీగా వచ్చాడు. "పెండ్లికా? పొద్దుగాల సంది మీది మూడో బండి."

రివర్స్ చేస్తుంటే మావాడు మళ్లీ ఎత్తుకున్నాడు. "వేగం మారకుంటే, మనం కదులుతున్నమా, చెట్లు కదులుతున్నయా అని తేల్చే ప్రయోగమే లేదక్కా!" మాట పూర్తికాకముందే వెనక బంపర్ చెట్టుకు తగిలింది. నాలుగు కాయలు డిక్కీ మీద రాలాయి.

"చెట్టే వచ్చి గుద్దిందని ఆ పెద్దాయనకు చెప్పు పో" అంది మా ఆవిడ. కొమ్మ విరిగినందుకు ఆయన ఐదొందలు అడిగాడు. సాపేక్షత పనిచేయలేదు, బేరం పనిచేసింది. మూడొందలకు ఒప్పుకున్నాడు.

హాల్‌కు చేరేసరికి తలంబ్రాలు అయిపోయాయి. పెండ్లిపిల్ల మేనత్త గుమ్మంలోనే పట్టుకుంది. "ఒకరికి ఒకేసారి జరిగినవి, వేగంగా పోయేటోళ్లకు వేరే వేరే టైముల్ల జరిగినట్టు ఉంటయి అత్తమ్మా" అని మొదలుపెట్టాడు మావాడు.

"అయితే ఉండనీ. మటన్ మాత్రం అందరికీ ఒక్కతీర్గనే అయిపోయింది. పప్పుచారు ఉన్నది, కూసోండ్రి."