తిరిగొచ్చినవాళ్ళ లెక్క

జనవరి వచ్చిందంటే అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ అభిమానికి ఒకటే పని. ఎన్‌ఎఫ్‌ఎల్ అనే ప్రొఫెషనల్ లీగ్‌కి వెళ్ళిపోయేది ఎవరు, ఇంకో కాలేజీకి మారిపోయేది ఎవరు, మరో ఏడాది ఉంటామనేది ఎవరు అని పేర్లు రాసుకుని కూర్చోవడం. ఐపీఎల్ రిటెన్షన్ జాబితా వచ్చిన రోజు హైదరాబాద్‌లో నడిచే చర్చే అక్కడ ఊరూరా వారాల తరబడి నడుస్తుంది. (ఆ ఫుట్‌బాల్ కాలితో తన్నేది కాదు, కోడిగుడ్డులాంటి బంతిని చంకలో పెట్టుకుని పరుగెత్తేది.) మన పిల్లలు ఎందరో చదివే యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్ ఎట్ డాలస్‌కి అసలు ఫుట్‌బాల్ జట్టే లేదు. ‘మా జట్టు ఇంతవరకు ఓడలేదు’ అని అక్కడివాళ్ళు టీషర్టులు వేసుకుని తిరుగుతారు. ఆ నిశ్చింత మిగతావాళ్ళకి ఎక్కడిది?

పెన్ స్టేట్ యూనివర్సిటీ జట్టునే చూడండి. 2025 జనవరి 9న ఆరెంజ్ బౌల్ మ్యాచ్, అదే జాతీయ టైటిల్‌కి సెమీఫైనల్. నోటర్ డేమ్‌తో స్కోరు సమంగా ఉంది, ఆటలో నిమిషం కూడా మిగల్లేదు. బంతి విసిరి ఆట నడిపే క్వార్టర్‌బ్యాక్ డ్రూ అలర్ మైదానం మధ్యకి విసిరిన బంతి ప్రత్యర్థి చేతిలో పడింది. 27-24తో ఓటమి. అయినా ఆ శీతాకాలం అభిమానులకి పండగే. అలర్ ఉంటానన్నాడు. ఒకే సీజన్‌లో బంతితో పరుగెత్తి చెరో వెయ్యి గజాలు దాటిన రన్నింగ్ బ్యాక్‌లు నికొలస్ సింగిల్టన్, కేట్రన్ అలెన్ ఇద్దరూ ఉంటామన్నారు. ఒహాయో స్టేట్ టైటిల్ గెలిచినప్పుడు అక్కడ డిఫెన్స్ నడిపిన జిమ్ నోల్స్‌ని డిఫెన్స్ కోచ్‌గా తెచ్చుకున్నారు. ఆగస్టులో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ ర్యాంకుల్లో రెండో స్థానం. ఇక టైటిలే తరువాయి అనుకున్నారు.

ఆ లెక్కలో లేని పేర్లు రెండు. ఒకటి టైలర్ వారెన్. అంతకుముందు సీజన్‌లో 104 బంతులు పట్టిన టైట్ ఎండ్, అంటే బంతి పట్టడం, ఎదుటివాళ్ళని అడ్డుకోవడం రెండూ చేసేవాడు. రెండోది అబ్దుల్ కార్టర్. ఎదుటి క్వార్టర్‌బ్యాక్‌కి నిద్ర లేకుండా చేసిన డిఫెండర్, ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు కుర్రాళ్ళని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మూడో పేరుగా వెళ్ళిపోయాడు. పైగా ఆ నోటర్ డేమ్ మ్యాచ్ మొత్తంలో విసిరిన బంతి అందుకోవడమే పనిగా ఉండే పెన్ స్టేట్ వైడ్ రిసీవర్లు పట్టిన బంతులు సున్నా. వేరే కాలేజీల నుంచి ముగ్గురు రిసీవర్లను తెచ్చారు కాబట్టి ఆ బెంగ తీరిందనుకున్నారు. వంటమనిషి మానేసినా వడ్డించేవాళ్ళంతా ఉన్నారు కదా అని ఊరంతటినీ భోజనాలకి పిలిచినట్టయింది.

సెప్టెంబర్ 27 రాత్రి పెన్ స్టేట్ సొంత మైదానం బీవర్ స్టేడియంలో లక్షకు పైగా జనం, అందరూ తెల్లబట్టల్లో. ఓరెగన్‌తో ఆట రెండో ఓవర్‌టైమ్ దాకా వెళ్ళింది. గెలవడానికి మిగిలిన ఆఖరి అవకాశంలో అలర్ విసిరాడు. బంతి మళ్ళీ ప్రత్యర్థి చేతిలోకే పోయింది. దాదాపు తొమ్మిది నెలల తర్వాత, అదే కుర్రాడు, అదే చివరి ఘడియ, అదే తప్పు. కోచ్ జేమ్స్ ఫ్రాంక్లిన్‌ని పీకేయండని స్టాండ్స్‌లో నినాదాలు. వారం తిరిగేసరికి, అప్పటికి ఒక్క మ్యాచ్ కూడా గెలవని యూసీఎల్‌ఏ చేతిలో 42-37తో ఓటమి. ఆ పై వారం సొంత మైదానంలో నార్త్‌వెస్టర్న్ చేతిలో 22-21తో ఇంకోటి. ఆ మ్యాచ్‌లోనే గాయపడి అలర్ సీజన్ ముగిసింది. మర్నాడు ఫ్రాంక్లిన్ ఉద్యోగం పోయింది.

తిరిగొచ్చినవాళ్ళలో ఎవరూ చెడ్డ ఆటగాళ్ళు కారు. వాళ్ళు నిరుడు ఎలా ఉన్నారో అలాగే వచ్చారు, అంతే. అభిమాని మాత్రం నిరుటి ఆటకి తన ఆశ కలిపి కూడుకున్నాడు. మనకిది కొత్తేమీ కాదు. 2024లో ఫైనల్ ఆడిన సన్‌రైజర్స్ క్లాసెన్, హెడ్, అభిషేక్, కమిన్స్, మన విశాఖ కుర్రాడు నితీశ్‌లను అట్టేపెట్టుకుంటే, ఈసారి 300 ఖాయమన్నాం. 2025లో మొదటి మ్యాచ్‌లోనే 286 కొట్టారు. తర్వాత వరసగా నాలుగు ఓడి, చివరికి ఆరో స్థానంలో తేలారు.

ఉండిపోవడం వృథా అని మేము అనడం లేదు. 2024 సీజన్‌లో ఒహాయో స్టేట్‌ని నిలబెట్టింది ఎన్‌ఎఫ్‌ఎల్‌కి వెళ్ళకుండా ఆగిన సీనియర్లే. టెక్సస్‌తో సెమీఫైనల్లో ఆ సీనియర్లలో ఒకడైన జాక్ సాయర్, టెక్సస్ క్వార్టర్‌బ్యాక్ క్విన్ యూవర్స్ చేతిలోని బంతిని కొట్టి పడేసి, తనే అందుకుని 83 గజాలు పరుగెత్తాడు. ఆ యూవర్స్ 2021లో ఒహాయో స్టేట్‌లో సాయర్ రూమ్మేటే, తర్వాత టెక్సస్‌కి మారాడు. ఉండిపోయినవాడికి వెళ్ళిపోయినవాడి మీద గెలుపని చెప్పుకోవడానికి ఎంత బాగుంటుందో! కానీ అదే ఒహాయో స్టేట్ క్వార్టర్‌బ్యాక్ విల్ హోవర్డ్ కాన్సస్ స్టేట్ నుంచి వచ్చినవాడు.

ఇప్పుడు రూల్స్ కూడా ఆ లెక్కని కుదురుగా ఉండనివ్వడం లేదు. ఒక ఏడాది ఖాళీగా కూర్చోకుండానే కాలేజీ మారే వీలు 2021లో వచ్చింది. ఎన్నిసార్లయినా మారొచ్చని 2024లో తేలింది. 2025 నుంచి కాలేజీలే ఆటగాళ్ళకి నేరుగా డబ్బిస్తున్నాయి, ఒక్కో కాలేజీకి అన్ని ఆటలకూ కలిపి ఏడాదికి దాదాపు 2 కోట్ల డాలర్ల దాకా. కుర్రాళ్ళకి డబ్బు రావడం న్యాయమే, రావాల్సింది ఎప్పుడో. అయితే ఎవరికి ఎంతిస్తున్నారో కాలేజీలు బయటపెట్టవు. రిటెన్షన్ సొమ్ము తెలియకుండా ఐపీఎల్ జట్టు బలం అంచనా వేయమన్నట్టుంది వ్యవహారం.

మా దృష్టిలో అభిమాని ముందుగా అడగాల్సింది ఎంతమంది ఉన్నారని కాదు, వెళ్ళినవాడి పని ఎవరు చేస్తారని. ఆ తర్వాత, ఉన్నవాళ్ళు ఎవరి దగ్గర ఉన్నారని. నవంబర్ 8న అదే బీవర్ స్టేడియంలో, 36 సెకన్లుండగా, ఇండియానా రిసీవర్ ఒమర్ కూపర్ గాల్లోకి లేచి బంతి పట్టి, వెనక గీత దాటిపోతూ కాలి వేళ్ళు మాత్రం లోపల ఆనించాడు. పెన్ స్టేట్ మళ్ళీ 27-24తోనే ఓడింది. ఆ బంతి విసిరిన ఫెర్నాండో మెండోజా ఆ ఏడాదే కాలిఫోర్నియా యూనివర్సిటీ నుంచి వచ్చాడు. కానీ జట్టులో పలువురు, ఇండియానా కోచ్ సిగ్నెట్టి అంతకుముందు పనిచేసిన జేమ్స్ మాడిసన్ కాలేజీ నుంచీ ఆయనతో ఉన్నవాళ్ళు. దశాబ్దాలుగా ఓటములకి పేరుపడ్డ ఇండియానా 16-0తో చాంపియన్ అయింది.

పెన్ స్టేట్ కొత్త కోచ్ మ్యాట్ క్యాంబెల్ అయోవా స్టేట్ నుంచి వస్తూ తన క్వార్టర్‌బ్యాక్ రాకో బెక్ట్‌ని కూడా వెంటబెట్టుకొచ్చారు. ఈసారి అభిమానులు కాగితం మీద రెండు గళ్ళు గీసుకుంటే, బెక్ట్ పేరు కొత్తవాళ్ళ గడిలో రాయాలా, తిరిగొచ్చినవాళ్ళ గడిలో రాయాలా?