గోదారి గట్టు మీద గురక నివారణ యజ్ఞం

మావారి గురక తగ్గించే కార్యక్రమం మొన్న సోమవారంతో నాలుగో ఏట అడుగుపెట్టింది. ఈ శుభసందర్భంలో ప్రగతి నివేదిక సమర్పించడం ధర్మపత్నిగా నా విధి.

డాక్టరు గారు విషయం తేలిగ్గానే చెప్పారు. మెడ చుట్టూ, నాలుక మొదట్లో కొవ్వు పేరుకుంటే గాలి దారి ఇరుకవుతుంది. నిద్రలో గొంతు కండరాలు వదులయ్యాక ఆ సందులోంచి గాలి తోసుకుని పోతుంటే కొండనాలుక, మెత్తటి అంగిలి అదురుతాయి. అదే గురక. బరువులో పదో వంతు తగ్గినా చాలా తేడా కనిపిస్తుందట. మావారు 96 కిలోలు. అంటే 9 కిలోల 600 గ్రాములు. లెక్క తేలేసరికి ఆయన మొహం వెలిగిపోయింది. తగ్గడం కన్నా, ఎంత తగ్గాలో లెక్కెయ్యడం ఆయనకి మహా ఇష్టం.

సరంజామా దిగింది. బూట్లు, అడుగులు లెక్కపెట్టే వాచీ, అయిదు రకాల సిరిధాన్యాలు. కొర్రలతో పులిహోర చేయించుకుని, ఆరోగ్యానికి మంచిదంటూ రెండుసార్లు మారు వడ్డించుకున్నారు.

ఇక వాకింగు. మాది రాజమండ్రి. పొద్దున్నే అయిదున్నరకి పుష్కర ఘాట్ వైపు వెళ్లి చూడండి, బరువు తగ్గే దీక్షలో ఉన్న పెద్దమనుషులు కనిపిస్తారు. కనిపిస్తారు అంటే, నిలబడి కనిపిస్తారు. నడుస్తూ మాట్లాడితే ఆయాసం వస్తుందని ఆగి మాట్లాడుకుంటారు. గోదారి మట్టం, పెన్షన్లు, ఎవరి అల్లుడికి గ్రీన్ కార్డు వచ్చింది, ఇవన్నీ తేలాక కదిలితే ఆ కదలడం కూడా తిన్నగా పెసరట్టు బండి దగ్గరికే.

ఒకరోజు వెనకాలే వెళ్లాను. "నూనె తక్కువ వెయ్యవయ్యా, డాక్టరు ఒప్పుకోడు" అని గదమాయిస్తున్నారు ఒకాయన. అది రెండో అట్టుకి. "పెసలంటే ఒట్టి ప్రోటీనండీ" అని ఇంకొకాయన. "మధ్యలో ఉన్న ఉప్మా సంగతో?" అని అడిగితే "దాంట్లో ఏముందండీ, జీడిపప్పు తప్ప!" మావారు వాచీ చూసుకుని, ఇవాళ అడుగులు మూడు వేలు దాటాయి కాబట్టి ఇంకో అట్టుకి అర్హత వచ్చిందని ప్రకటించారు. అల్లం చట్నీ గొంతుకి మంచిదని తీర్మానం చేశారు. ఎండెక్కిందని రోజ్ మిల్క్ తాగారు. అప్పుడు నన్ను చూసి, చేతిలో ప్లేటుతోనే, "ఏం చెల్లెమ్మా, మీరూ మొదలెట్టారా వాకింగు?" అన్నారు ప్రోటీను గారు. ఇంటికి అందరూ ఆటోలో వెళ్లారు.

ఫలితం కూడా చెప్పాలి కదా. మొదటి ఏడాది రెండు కిలోలు తగ్గి, మేనల్లుడి పెళ్లిలో నాలుగు పెరిగారు. ఇప్పుడు 98. పదో వంతంటే 9 కిలోల 800 గ్రాములు. "లక్ష్యం పెంచుకున్నాం" అంటున్నారు.

"గురక పెట్టే మగాడు ఇంట్లో ఉంటే దొంగలు రారమ్మాయ్" అంటారు మా అత్తగారు. నిజమే, నిద్ర కూడా రాదు. మా మరిది ఆ గురక రికార్డు చేసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు. అందరూ కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వారు.

నవ్వండి. కానీ ఆ రికార్డింగు మధ్యలో ఉన్న నిశ్శబ్దం ఒక్కరైనా విన్నారా? అది గురక ఆగడం కాదు, ఊపిరి ఆగడం. పది సెకన్లు ఆగితే ఒకటి కింద లెక్క. గంటకి 5 దాటితే జబ్బు, 30 దాటితే తీవ్రం. గురక మోగినంతసేపూ నేను విసుక్కుంటూనైనా పడుకుంటాను. ఆగిందా, లేచి కూర్చుంటాను. చీకట్లో ఆయన గుండె మీద చెయ్యేసి ఒకటి, రెండు అని లెక్కపెడతాను. మొన్న ఇరవై నాలుగు దాకా వెళ్లాను. పొద్దున ఆయన సిగ్నల్ దగ్గర బండి మీదే కునుకు తీస్తారు, దానికీ నవ్వే! బీపీ పెరిగింది, దానికి టెన్షన్లే కారణమట. ఎవరికి టెన్షను?

ముక్కుకి మాస్కు తగిలించి గాలి పంపే మిషను 1981లోనే ఆస్ట్రేలియాలో కొలిన్ సలివన్ అనే డాక్టరు కనిపెట్టాడు. అది పెట్టుకుంటూ కూడా బరువు తగ్గొచ్చు, ఒకదానికొకటి అడ్డం కాదు. ముందు ఒక్క రాత్రి నిద్ర పరీక్ష చేయించుకోండి మహానుభావా అంటే, "నేనేమైనా ఐసీయూ పేషెంటునా? బరువు తగ్గితే అదే పోతుంది" అంటారు. ఆ "తగ్గితే" పట్టుకునే మూడేళ్లు గడిపాం.

అందుకే ఈ గురువారం రాత్రికి నేనే బుక్ చేశాను. పొద్దున టిఫిన్ వాళ్లే పెడతారని అబద్ధమాడాను.

"పెసరట్టేనా?" అన్నారు.

ఉప్మాతో, అన్నాను. వస్తున్నారు.