సన్ యట్-సెన్‌ని ఇద్దరూ ఎందుకు మోస్తున్నారు?

తైవాన్‌లో వంద డాలర్ల నోటు మీద, చైనాలో రాజరికం పోయి రిపబ్లిక్ రావాలని పోరాడిన సన్ యట్-సెన్ బొమ్మ ఉంటుంది. అక్కడ మంత్రులు ఆయన పటం ముందు నిలబడి ప్రమాణం చేస్తారు. అవతల బీజింగ్‌లో, అక్టోబర్ 1 జాతీయ దినోత్సవానికి తియానన్మెన్ దగ్గర మావో పటానికి ఎదురుగా ఈయన భారీ పటం నిలబెడతారు. 2016లో ఆయన 150వ జయంతి సభలో షీ జిన్‌పింగ్ ఏం మాట్లాడారో తెలుసా? చైనా భూభాగంలో ఒక్క ముక్కను కూడా ఎవరూ, ఎప్పుడూ విడదీయడానికి ఒప్పుకోమని! జయంతి ఈయనది, వార్నింగ్ తైవాన్‌కి. పోయిన నాయకుడి విగ్రహానికి పోటాపోటీగా పాలాభిషేకాలు చేసే పార్టీలను చూసిన మనకు ఇది కొత్తేమీ కాదు.

ఆయన్ని తీసిపారేసేవాళ్లు ఎప్పుడూ ఒకటే చెబుతారు. 1911 అక్టోబర్ 10న రాజరికాన్ని కూల్చిన తిరుగుబాటును వుచాంగ్‌లో సైనికులు మొదలెడితే ఈయన అమెరికాలో డెన్వర్‌లో ఉన్నాడు, సంగతి పేపర్లో చదివి తెలుసుకున్నాడు అని. 1912 జనవరి 1న తాత్కాలిక అధ్యక్షుడై, మార్చికల్లా కుర్చీ సేనాధిపతి యువాన్ షికాయ్‌కి అప్పగించాడు అని. నిజమే. కానీ 1895 నుంచి తిరుగుబాటు మీద తిరుగుబాటు ఓడిపోతున్నా దేశదేశాలు తిరిగి ప్రవాస చైనీయుల దగ్గర డబ్బు కూడగట్టిందీ, 1896లో లండన్‌లోని చైనా రాయబార కార్యాలయంలో బందీ అయ్యి కొద్దిలో ప్రాణాలతో బయటపడిందీ ఈయనే కదా. ఆ విమర్శ నాకు చిల్లరగా అనిపిస్తుంది.

నా గొడవ వేరే. ప్రజాస్వామ్యానికి ఆయన మూడు మెట్లు గీశాడు: ముందు సైనిక పాలన, తర్వాత పార్టీ ప్రజలకు శిక్షణ ఇచ్చే కాలం, చివర్లో రాజ్యాంగం. అసలు విషం ఆ నడిమి మెట్టులో ఉంది. జనం ఇంకా తయారుగా లేరు, మేం నేర్పిస్తాం, అప్పటిదాకా ఆగండి అనడం. 1914లో టోక్యోలో కొత్త పార్టీ పెట్టినప్పుడు సభ్యులు తనకు విధేయులమని వేలిముద్ర వేయాలన్నాడు. ఏళ్ల తరబడి పక్కన పోరాడిన హువాంగ్ షింగే అందుకు ఒప్పుకోలేదు. 1924 నాటి ఉపన్యాసాల్లో చైనీయులు విడివిడి ఇసుక రేణువుల్లా ఉన్నారు, వాళ్లకు స్వేచ్ఛ తక్కువై కాదు, ఎక్కువై ఈ గతి పట్టిందన్నాడు. అదే ఏడాది సోవియట్ సలహాదారు బొరొదిన్ సాయంతో తన పార్టీ కుమింటాంగ్‌ని లెనిన్ పార్టీ మూసలో పోశాడు.

అప్పటి చైనాలో ఎన్నికలు ఎలా కుదురుతాయి, అంతా నిరక్షరాస్యులే కదా అంటారు ఆయన అభిమానులు. మరి 1912-13 చలికాలంలో జరిగిందేమిటి? ఆస్తో చదువో ఉన్న మగవాళ్లకే ఓటు, ఒప్పుకుంటా. అయినా దేశమంతా పార్లమెంటు ఎన్నికలు జరిగాయి, కుమింటాంగ్ గెలిచింది. ఆ గెలుపు వెనకున్న సుంగ్ జియావోరెన్‌ని 1913 మార్చిలో షాంఘై రైల్వే స్టేషన్లో కాల్చి చంపారు. అక్కడ ఫెయిలైంది ఓటర్లా, తుపాకులా? శిక్షణ ఎవరికి కావాల్సింది?

1925లో ఆయన పోయాక కుమింటాంగ్ పగ్గాలు పట్టిన చియాంగ్ కై-షెక్‌కి ఆ నడిమి మెట్టు బాగా కలిసొచ్చింది. 1928లో మొదలెట్టి, ఆరేళ్లలో ముగిస్తామని చెప్పి, 1947 దాకా సాగదీశాడు. ఆ వెంటనే, కమ్యూనిస్టుల చేతిలో ఓడి అతని ప్రభుత్వం తరలివెళ్లిన తైవాన్‌లో 1949 నుంచి 38 ఏళ్ల మార్షల్ లా. ఇక కమ్యూనిస్టు పార్టీ, ‘శిక్షణ’ అనే పేరు వాడకపోయినా, అదే మెట్టు మీద కూర్చుంది. కాకపోతే దిగే తేదీ కూడా చెప్పదు.

తైవాన్ 1996లో అధ్యక్షుణ్ణి నేరుగా ఓటుతో ఎన్నుకుంది. విచిత్రం ఏంటంటే, 1912లో ఆయన రిపబ్లిక్ పెట్టినప్పుడు ఆ ద్వీపం అసలు అందులో లేదు, జపాన్ కింద ఉంది. మా తాతముత్తాతలకు సంబంధం లేని మనిషి మాకు జాతిపిత ఎలా అయ్యాడని అక్కడివాళ్లు అడిగితే తప్పేముంది? ఆ పటం ముందు ప్రమాణాలు ఎందుకు, ఆపేద్దాం అని 2016లో అక్కడి చట్టసభ సభ్యులే ప్రతిపాదించారు. నాకైతే ఉంచినా తీసినా అభ్యంతరం లేదు. వాళ్లు వాదించుకుని, ఓటేసి తేల్చుకోగలరు. నాన్జింగ్‌లో ఆయన సమాధి చుట్టుపక్కల ఉండేవాళ్లకు ఆ వీలు కూడా లేదు.