బూట్లకు మడి

అడవి దారి మొదట్లో ఒక ఇనప చట్రం. దానికి గట్టి కుచ్చుల బ్రష్షులు, పక్కన మందు స్ప్రే. బోర్డు మీద బొమ్మలేసి మరీ చెప్పారు: ముందు అడుగున మట్టి గీకండి, తర్వాత మందు కొట్టండి, ఒక్క నిమిషం ఆగి వెళ్ళండి. అంతా కలిపి రెండు నిమిషాల పని. ఒక తెలుగు కుటుంబాన్ని ఇంతగా అవమానించగల యంత్రం భూమ్మీద ఇంకోటి లేదని మొన్న ఆదివారం నాకు తెలిసొచ్చింది.

సిడ్నీ నుంచి రెండు గంటల ప్రయాణం, బ్లూ మౌంటెన్స్‌లో ఒక వానకోన. మూడు కార్లు, పదకొండు మందిమి, హాట్‌బాక్సు నిండా పులిహోర. గుంటూరు నుంచి చూడ్డానికొచ్చిన బాబాయ్ ఆ బోర్డు ముందు నిలబడి, కోర్టు నోటీసు చదివినట్టు రెండుసార్లు చదివాడు.

"ఏందిరా అబ్బాయ్ ఇది, బూట్ పాలిషా?"

"కాదు బాబాయ్, అడుగున మట్టి దులుపుకోవాలి."

"ఎంత తీసుకుంటారు?" అంది పిన్ని. ఊరికేనే అన్నాను. అనకుండా ఉండాల్సింది. ఆవిడకి అప్పుడే అనుమానం మొదలైంది. ఊరికే పెట్టారంటే ఏదో మెలిక ఉండే ఉంటుందిట.

ఈలోగా మా ఏడేళ్ళమ్మాయి బుద్ధిగా వెళ్ళి బ్రష్షు మీద కాలు పెట్టింది. స్కూల్లో నేర్పారు పాపం. పిన్ని ఒక్క ఉదుటున వెనక్కి లాగింది. "ముట్టుకోకే తల్లీ! ఎవరెవరి బూట్లు తుడిచిన బ్రష్షో!" శుభ్రం చేసే బ్రష్షుకే మైల అంటగట్టిన ఘనత మా వంశానిది.

ఇక బావమరిది. తెల్ల బూట్లు వేసుకొచ్చాడు. అడవికి. ఖరీదు చెప్పను గానీ, ఆ డబ్బుతో మా ఊళ్ళో దూడతో సహా మేక వచ్చేది అని రాయబోయి ఆగాను, మేకకి పుట్టేది దూడ కాదు కదా, కోపంలో అన్నీ తప్పుతున్నాయి. మందు పడితే రంగు పోతుందని స్ప్రే వైపు కూడా వెళ్ళలేదు. వెట్ టిష్యూ తీసి పైభాగం మాత్రం నిగనిగలాడేలా తుడిచాడు.

"మట్టి ఉండేది అడుగునరా."

"అడుగెవడు చూస్తాడు బావా!"

తర్వాత ఆ చట్రం మీదే మోచెయ్యి ఆనించి ఫోటో దిగాడు. మా వెనక ఓ తెల్లజుట్టు పెద్దావిడ చేతికర్రతో తన వంతు కోసం అయిదు నిమిషాలు నిలబడింది. మేం తప్పుకున్నాక, అరిగిపోయిన తన పాత బూట్లని ఒక్కో గాడీ వెతుక్కుంటూ తోముకుంది. ఆవిడ వైపు చూడలేక నేను చెట్లవైపు చూశాను.

వీళ్ళకి శుభ్రత తెలియదనుకునేరు. పోయిన నెల కుళాయి బాగుచెయ్యడానికొచ్చిన ఆరడుగుల ప్లంబర్ చేత గుమ్మం బయటే బూట్లు విప్పించింది మా పిన్ని. బాబాయ్ అలిపిరిలో చెప్పులు వదిలేసి 3,550 మెట్లూ వట్టికాళ్ళతో ఎక్కిన మనిషి. సిడ్నీ విమానాశ్రయంలో దిగేటప్పుడు కార్డు మీద మట్టి అంటిన బూట్ల గురించి ప్రశ్న ఉంటుందని ఎవరో చెబితే, గుంటూరులోనే సర్ఫుతో ఉతికి, డాబా మీద రెండు రోజులు ఎండబెట్టి, కవర్లో చుట్టి తెచ్చాడు. అక్కడ జరిమానా రాసే ఆఫీసరు ఉంటాడు మరి. అడవి మొదట్లో ఉన్నది బ్రష్షు. అదేం రాస్తుంది?

ఆ మందెందుకో కూడా చెబుతాను. ఫైటోఫ్తోరా అని నేలలో బతికే తెగులు. గ్రీకులో ఆ మాటకి మొక్కల్ని నాశనం చేసేదని అర్థం. తడిమట్టిలో, బూటు అడుగు గాడుల్లో కూర్చుని ఊరేగుతుంది. వేళ్ళు కుళ్ళబెడుతుంది. పక్కనే నీళ్ళున్నా చెట్టు దాహంతో ఎండిపోతుంది. ఒకసారి అడవి నేలలో చేరిందా, పూర్తిగా వదిలించే మార్గం లేదు.

ఈ కొండల్లోనే వొలెమై పైన్ అని ఒక చెట్టుంది. డైనోసార్ల కాలం నాటి వంశం. 1994లో ఒక లోయలో బయటపడింది. అడవిలో ఎదిగినవి వంద కూడా లేవు. ఆ చోటు ఎక్కడో ఇప్పటికీ బయటికి చెప్పరు. అయినా 2005లో అక్కడా ఈ తెగులు కనబడింది. అనుమతి లేకుండా దొంగచాటుగా చూసొచ్చిన వాళ్ళ బూట్లతోనే వచ్చి ఉంటుందని అనుమానం. 2019-20 కార్చిచ్చులో ఆ చెట్ల కోసం హెలికాప్టర్ల నుంచి మనుషుల్ని దింపి, నేల తడిపి కాపాడుకున్నారు. కోట్ల ఏళ్ళు నిలబడ్డ వంశంరా అది! దాని వేళ్ళ మీద నీ బ్లాక్‌టౌన్ పార్కింగ్ బురద తెచ్చి పుయ్యడానికి నువ్వెవడివి? రెండు నిమిషాలు వంగితే నీ నడుం విరుగుతుందా? నీ ఇల్లయితే లోపల, అడవైతే బయట. బయటంటే మనకి చెత్త పారేసే చోటు. అంతేగా?

క్షమించాలి. నడక బాగానే సాగింది. చెట్టంత ఎత్తు ఫెర్నులు, నాచు పట్టిన కోచ్‌వుడ్ మానులు, ఎటు చూసినా నీటి చప్పుడు. "అచ్చం మన తలకోనే" అంది పిన్ని. ఒక జలగ బావమరిదిని ఎంచుకుంది. నాకు అడవి మీద గౌరవం పెరిగింది.

చీకటి పడ్డాక ఇల్లు చేరాం. పిన్ని గుమ్మంలో చేతులు అడ్డం పెట్టింది. "ఆగండి! ఎక్కడివక్కడే విప్పండి. అడవి మట్టి ఇంట్లోకొస్తే ఊరుకోను." బకెట్టు వచ్చింది, ఫినాయిల్ వచ్చింది, పాత టూత్‌బ్రష్షులు వచ్చాయి. బాబాయ్ పీట వేసుక్కూర్చుని ఒక్కో గాడీ తోమాడు. బావమరిది సైతం తన తెల్ల బూట్లు బోర్లించి, టార్చి వేసుకుని మరీ అడుగులు గీకాడు. పావుగంట పట్టింది. ఎవరూ విసుక్కోలేదు.

ఎర్రగా మారిన ఆ బకెట్టు నీళ్ళు పెరట్లోకి మోసుకెళ్తుంటే మా ఆవిడ వంటింట్లోంచి కేకేసింది.

"నా కరివేపాకు కుండీ దగ్గర పొయ్యకండి! ఏ తెగులుందో ఏమో!"