కదలని నిచ్చెనకు వందనాలు

యెరూషలేములో, యేసు సమాధి ఉన్న చోటని నమ్మే పవిత్ర సమాధి మందిరం గుమ్మం పైన, కుడి కిటికీకి ఆనుకుని ఉన్న నిచ్చెనా, నీకు నా వందనాలు.

పది రోజుల యాత్రలో మా బస్సులోని నలభై మందిమీ కనిపించిందల్లా ముట్టుకున్నాం. యొర్దాను నీళ్లు సీసాల్లో పట్టుకున్నాం. గెత్సేమనేలో రాలిన ఒలీవ ఆకులు బైబిల్లో దాచుకున్నాం. నీ కిందుగానే లోపలికి వెళ్లి, ప్రభువు దేహాన్ని పడుకోబెట్టారని చెప్పే రాతి పలక ముందు మోకరిల్లాం. నా పక్కనున్న పెద్దమ్మ తెల్లని చేతిరుమాలు తీసి పలకను ఈ చివర నుంచి ఆ చివర దాకా తుడిచింది. దాన్ని నాలుగు మడతలు పెట్టి, మా ఊరి చీరల దుకాణం కవర్లో వేసి ముడి వేసింది. 1808లో మందిరం కాలిపోయాక, 1810లో వేసిన పలక అది. ఆ సంగతి ఆమెతో చెప్పడానికి నాకు నోరు రాలేదు. చెప్పినా, "అయితే ఏమైంది బాబూ, ఆయనకు తెలియదా?" అని ఉండేది.

ఎవరూ ముట్టుకోనిది నువ్వొక్కదానివే. 1728 నాటి బొమ్మలోనూ అక్కడే ఉన్నావట. యాకోబు కలలోని నిచ్చెన మీద దేవదూతలు ఎక్కుతూ దిగుతూ ఉన్నారు. నీకు పట్టుమని పది మెట్లు లేవు, ఎక్కే నరుడూ లేడు. గ్రీకులు, కాథలిక్కులు, అర్మేనియన్లు, కోప్టులు (ఈజిప్టు క్రైస్తవులు), సిరియన్లు, ఇథియోపియన్లు అనే ఆరు క్రైస్తవ శాఖల వాళ్లు పంచుకున్న మందిరం అది. ఎక్కడిది అక్కడే ఉండాలని 1757లో ఒక ఒట్టోమన్ (టర్కీ) సుల్తాను, 1852లో మరో సుల్తాను ఆజ్ఞ వేశారు. మన కోర్టులు 'యథాతథ స్థితి' అంటాయే, అదే. నిన్ను దింపాలంటే ఆరుగురూ ఒప్పుకోవాలి. 1997లో ఎవరో ఎత్తుకుపోతే, కొన్ని వారాలకు మళ్లీ అక్కడికే చేర్చారు.

పోనీ, నీ గతే నయం. 2002లో మందిరం కప్పు మీద కోప్టు సన్యాసి ఒకాయన ఎండ భరించలేక కుర్చీ నీడలోకి జరుపుకుంటే, ఇథియోపియన్లతో కొట్లాట జరిగి పదకొండు మంది ఆసుపత్రి పాలయ్యారు. ఇక గుమ్మం తాళంచెవి తరతరాలుగా ఒక ముస్లిం కుటుంబం దగ్గర ఉంది, తలుపు తీసే పని మరో ముస్లిం కుటుంబానిది. ప్రేమ గురించి రెండు వేల ఏళ్లుగా ప్రసంగిస్తున్న మనం తాళంచెవి మాత్రం పొరుగింట్లో పెట్టుకున్నాం. తెలివైన పనే.

నవ్వాను కానీ, ఆ నవ్వు ఇంటికి వచ్చేదాకానే. మా చర్చిలో వేదిక పైన బల్బు మాడిపోయి రెండు నెలలైంది. నిచ్చెన ఉన్న గది తాళంచెవి రెండో వర్గం వాళ్ల దగ్గర ఉంది. వాళ్లను అడిగితే, గది వాళ్లదని మనం ఒప్పుకున్నట్టే అవుతుందట. మొన్న కమిటీ సమావేశంలో ఫోనులో నీ ఫోటో చూపించి, నీ కథంతా చెప్పాను. పెద్దలు శ్రద్ధగా విన్నారు. చివరికి ఒకాయన కళ్లద్దాలు సవరించుకుని అడిగారు:

"ఇంతకీ ఆ నిచ్చెన ఎవరిదయ్యా?"