నోవెల్లాకు ఏడు సూత్రాలట!

“నోవెల్లాను గుర్తించడానికి ఏడు సూత్రాలు” అనే మెసేజ్ మళ్లీ వచ్చింది. ఈసారి పంపింది స్వయంగా మంచి కథలు రాసే మనిషి. అందుకే ఇంకా చిరాకేసింది. రాయనివాళ్లు పంపితే చూసి వదిలేయొచ్చు. రాసేవాళ్లే నమ్మి, తోటి రచయితలకు “ఉపయోగపడుతుంది, దాచుకోండి” అని పంపుతుంటే ఊరుకోవడం కష్టం. అందుకని ఒకసారి కూర్చుని జవాబు రాస్తున్నాను. ఇకమీదట ఎవరు పంపినా ఇదే తిరిగి పంపుతాను.

మెసేజ్ చూడనివాళ్ల కోసం అందులో ఏముందో చెప్తాను. నోవెల్లా, అంటే నవలిక, 17,500 నుంచి 40,000 మాటల మధ్య ఉండాలి. అది అంతర్జాతీయ ప్రమాణం. ఒకే ముఖ్యపాత్ర, ఒకే సంఘటన ఉండాలి, కథ కొద్ది రోజుల్లో ముగియాలి. అధ్యాయాలు ఉండకూడదు. ఏకబిగిన చదివించాలి. విడిగా పుస్తకంగా అచ్చయితే అది నవలే. నవలల బహుమతులకు నవలిక పనికిరాదు. ఇక ఏడోది: నవలిక అంటే ఎదగని నవల, లేదా సాగదీసిన కథ, కాబట్టి కొత్త రచయితలు తమ రచనను పెంచో కోసో లెక్కలోకి తెచ్చుకోవాలి.

అధ్యాయాల సంగతి ముందు తేల్చేద్దాం, దానికి ఎక్కువ సేపు పట్టదు. కాన్రాడ్ ‘హార్ట్ ఆఫ్ డార్క్‌నెస్’ 1899లో పత్రికలో మూడు భాగాలుగా వచ్చింది, పుస్తకంలోనూ మూడు భాగాలే. కాఫ్కా ‘మెటమార్ఫసిస్’ మూడు భాగాలు. ఆర్వెల్ ‘యానిమల్ ఫామ్’ పది అధ్యాయాలు. టాల్‌స్టాయ్ ‘ఇవాన్ ఇల్యిచ్ మరణం’ పన్నెండు. నవలిక అనగానే చదివేవాళ్లెవరైనా ముందు చెప్పే పేర్లే ఇవి. వీటిలో ఒక్కటైనా తెరిచి చూసినవాళ్లు ఆ సూత్రం రాసి ఉండరు.

ఒకే పాత్ర, ఒకే సంఘటన, కొద్ది రోజులు అన్నదీ ఇవే పుస్తకాల ముందు నిలబడదు. ఇవాన్ ఇల్యిచ్ కథ అతని చావుకబురుతో మొదలవుతుంది. ఆ కబురు పేపర్లో చదివిన తోటి ఉద్యోగులు, అతని కుర్చీ ఖాళీ అయితే ఎవరికి ప్రమోషన్ వస్తుందా అని లోలోపల లెక్కలు వేసుకుంటారు. అక్కణ్నుంచి టాల్‌స్టాయ్ వెనక్కి వెళ్లి చదువు, ఉద్యోగం, పెళ్లి, పేకాట, కొత్త ఇల్లు, జబ్బు అన్నీ చెప్తాడు. నలభై అయిదేళ్ల జీవితం మొత్తం అందులో ఉంది. ‘మెటమార్ఫసిస్’ గ్రెగర్ ఒక్కడి కథ అనుకునేవాళ్లు చివరి వాక్యం మళ్లీ చదవాలి. అక్కడ లేచి నిలబడి ఒళ్లు విరుచుకునేది గ్రెగర్ కాదు, అతని చెల్లెలు. ‘యానిమల్ ఫామ్’లో ఒకే ముఖ్యపాత్ర ఎవరో ఈ మెసేజ్ రాసినవాళ్లు చెప్పగలరా?

విడిగా పుస్తకంగా వస్తే నవలే అన్నది పట్టించుకోవాల్సిన మాటే కాదు. అట్ట మీద ‘నవల’ అని వేయడం అమ్మకాల కోసం ప్రచురణకర్త తీసుకునే నిర్ణయం, అంతే. ‘యానిమల్ ఫామ్’ మొదటి ముద్రణకు ‘ఎ ఫెయిరీ స్టోరీ’, అంటే ‘ఒక అద్భుత కథ’, అనే ఉపశీర్షిక ఉండేది. అది చూసి దాన్ని పిల్లల కథల అరలో పెట్టం కదా.

బహుమతుల గురించి చెప్పింది మాత్రం పచ్చి అబద్ధం. హెమింగ్వే ‘ది ఓల్డ్ మ్యాన్ అండ్ ది సీ’ దాదాపు 27,000 మాటలు. 1952 సెప్టెంబరులో లైఫ్ పత్రిక దాన్ని ఒకే సంచికలో పూర్తిగా వేసింది. మరుసటి ఏడాది దానికి పులిట్జర్ వచ్చింది. ఇయన్ మెకూవన్ ‘ఆన్ చెసిల్ బీచ్’ 2007లో బుకర్ తుదిజాబితాలో చేరినప్పుడు, ఇది నవలేనా అని పెద్ద చర్చే జరిగింది. అయినా జాబితాలోంచి తీసెయ్యలేదు. 2022 జాబితాలో క్లెయిర్ కీగన్ పుస్తకం ఉంది, 116 పేజీలు. కొన్ని పోటీలకు నిడివి నిబంధన ఉండొచ్చు. అంతమాత్రాన ఏ బహుమతికీ పనికిరాదని చెప్పి ఒక రచయిత చేత పుస్తకం పంపకుండా ఆపడం ఎంత అన్యాయం!

ఏకబిగిన చదివించాలన్నది మొదట చిన్నకథ గురించి పుట్టిన మాట. ఎడ్గార్ అలన్ పో 1842లో హాథార్న్ కథల మీద సమీక్ష రాస్తూ, అరగంట నుంచి ఒకటి రెండు గంటల్లో చదవగలిగే రచనల గురించి చెప్పాడు. మధ్యలో ఆపితే ప్రభావం చెదిరిపోతుందని ఆయన బాధ. నిమిషానికి 250 మాటల చొప్పున చదివినా 40,000 మాటలకు రెండు గంటల నలభై నిమిషాలు పడుతుంది. పో గీసిన గీత అక్కడే దాటిపోయింది.

అయినా ఈ సూత్రాన్ని నేను కొట్టిపారేయను. ఏడింటిలో నిజానికి దగ్గరగా వచ్చింది ఇదొక్కటే. గడియారం లెక్క వదిలేసి చూడండి. మంచి నవలిక చివరి పేజీకి వచ్చేసరికి మొదటి పేజీ ఇంకా మన బుర్రలో తడి ఆరకుండా ఉంటుంది. రచయిత దాని మీద ఆధారపడొచ్చు. ఇవాన్ ఇల్యిచ్ కొత్తింట్లో కర్టెన్లు ఎలా వేలాడదీయాలో పనివాడికి చూపించబోయి నిచ్చెన మీద కాలుజారతాడు, పక్కటెముకల దగ్గర కిటికీ పిడి తగులుతుంది. చిన్న దెబ్బ, నవ్వుకుంటూ చెప్పుకున్న దెబ్బ. తర్వాత అతను నొప్పితో మెలికలు తిరుగుతున్న ప్రతి పేజీలోనూ ఆ కర్టెన్ మన కళ్ల ముందే ఉంటుంది. ఆరొందల పేజీల నవలలో అయితే అలాంటి వివరాన్ని మధ్యమధ్యలో పాఠకుడికి గుర్తుచేస్తూ ఉండాలి. ఆ గుర్తుచేసే పని నవలికలో చాలా తక్కువ. ఒక రచన నవలికా కాదా అని నన్నడిగితే నేను ముందు చూసేది దీన్నే.

ఇప్పుడు ఆ 17,500 సంగతి. ఈ అంకె ఎక్కణ్నుంచి వచ్చిందో మెసేజ్‌లో లేదు. సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకిచ్చే నెబ్యులా, హ్యూగో అవార్డుల నిబంధన అది. వాటిలో 7,500 లోపు కథ, 17,500 లోపు నోవెలెట్, 40,000 లోపు నోవెల్లా, ఆపైన నవల. ఓట్లు వేసేటప్పుడు ఒక్కో రచన ఒక్కో వర్గంలో పడాలి కాబట్టి గీతలు గీసుకున్నారు. ఆ అవసరం నాకు అర్థమవుతుంది, అందులో తప్పేమీ లేదు. హ్యూగో వాళ్లయితే నిడివి అటూ ఇటూగా 20 శాతం లోపు ఉంటే రచనను తగిన వర్గంలోకి మార్చే వెసులుబాటు కూడా పెట్టుకున్నారు. గీత గీసినవాళ్లకే దాని మీద అంత పట్టుదల లేదు.

వరల్డ్ ఫాంటసీ అవార్డులో నోవెల్లా 10,000 దాటితే మొదలవుతుంది. బ్రిటిష్ ఫాంటసీ అవార్డులో 15,000 నుంచి. అంటే 12,000 మాటల రచన ఒకటుంటే అది ఒక అవార్డులో నోవెల్లా, ఇంకో అవార్డులో కాదు. రచన మాత్రం అదే, ఒక్క అక్షరం మారలేదు. దీన్ని అంతర్జాతీయ ప్రమాణం అని ఎలా అంటారు?

పైగా ఇవన్నీ ఇంగ్లీషు మాటల లెక్కలు. తెలుగులో మాటలు ఎలా లెక్కపెడతాం? “వెళ్లిపోవాల్సివచ్చింది” అని కలిపి రాస్తే ఒక మాట. “వెళ్లిపోవాల్సి వచ్చింది” అంటే రెండు. “వెళ్లి పోవాల్సి వచ్చింది” అంటే మూడు. ముగ్గురు డీటీపీ ఆపరేటర్లు మూడు రకాలుగా కొడతారు, మూడూ అచ్చులో కనిపిస్తాయి. ఒకే రచన, ఖాళీలు ఎక్కడ వదిలారన్న దాన్ని బట్టి గీతకు ఇటో అటో పడుతుంది. ఇంగ్లీషులో నాలుగైదు మాటలు పట్టే భావం తెలుగులో ఒక్క క్రియలో ఇమిడిపోవడం రోజూ చూస్తున్నదే. తెలుగులో పద్నాలుగు వేల మాటలున్న రచన అనువాదంలో 17,500 దాటిపోవచ్చు. అప్పుడది తెలుగులో నోవెలెట్, ఇంగ్లీషులో నవలికా? ఇంత చిన్న విషయం ఆలోచించకుండా ఈ అంకెను తెచ్చి తెలుగు రచయితల నెత్తిన రుద్దుతున్నారు.

ఇదంతా ఒక ఎత్తు, ఏడో సూత్రం ఒక ఎత్తు. నాకు కోపం తెప్పించింది అదే.

రాతప్రతులు చదివి అభిప్రాయం చెప్పమని కొందరు నాకు పంపుతుంటారు. అలా వచ్చినదాంట్లో ఒకటి దాదాపు పదిహేను వేల మాటలు ఉంటుంది. ఆస్పత్రి వరండాలో ఒక బెంచీ, ఒక రాత్రి. బెంచీకి ఈ చివర ఒక తోడికోడలు, ఆ చివర ఇంకొకామె. ఏళ్ల తరబడి మాటల్లేవు. లోపల అత్తగారు. అర్ధరాత్రి దాటాక పెద్దామె సంచిలోంచి దుప్పటి తీసి, కప్పుకోకుండా, బెంచీ మధ్యలో పెడుతుంది. చిన్నామె దానివైపు చూడదు. తెల్లవారుజామున నర్సు వచ్చి పిలిచేసరికి ఆ దుప్పటి చిన్నామె మోకాళ్ల మీద ఉంటుంది. ఎప్పుడు తీసుకుందో రచయిత్రి చెప్పలేదు. అది చదివి నేను చాలాసేపు ఇంకో పని చేయలేకపోయాను.

తర్వాత ఆమెకు ఈ మెసేజ్ అందింది. “17,600 అయింది, ఇప్పుడు నోవెల్లా కిందకి వస్తుంది” అని సంతోషంగా కొత్త ప్రతి పంపింది. తెరిచి చూస్తే అందులో మరిది కోర్టు కేసు వచ్చి చేరింది. డాక్టరుకో ప్రేమకథ వచ్చింది. దుప్పటి బెంచీ మధ్యలో పెట్టగానే చిన్నామెకు పాత గొడవ గుర్తొచ్చి, ఎవరు ఎవరిని ఏమన్నారో పేజీలకు పేజీలు నడిచింది. ఆ గొడవేమిటో తెలియకపోవడమే మొదటి ప్రతికి బలం. ఆ రాత్రి కాస్తా ముక్కలైపోయింది. ఇది ఆమె తప్పు కాదు. “సాగదీసిన కథ” అన్న మాట చదివి, నా రచనకు ఇంకా ఏదో లోటు ఉందేమో అని టెన్షన్ పడింది. ఆ టెన్షన్ పెట్టినవాళ్లది తప్పు.

ఇంకోవైపు, నలభై రెండు వేలు వచ్చిందని రెండు వేల మాటలు కోసెయ్యాలని చూస్తున్నవాళ్లూ ఉన్నారు. బాగాలేని వాక్యం ఉంటే కోయండి, సంతోషం. అంకె కోసం కోస్తే ముందు పోయేది పాత్రలు ఊపిరి పీల్చుకునే చోట్లే.

ఎదగని నవల అంటున్నారు. కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’ చదవండి. తప్పిపోయిన పంది కోసం పేరు కూడా చెప్పని ఒక ముసలివాడు అడవిలోకి వెళ్తాడు. ఆ అడవి, ఆ రాత్రి, ఆ మనిషి. అతని ఊరి చరిత్ర, ఇరుగుపొరుగు, ఇంకో రెండు తరాలు కలిపితే పుస్తకం లావవుతుంది, ఎదగదు. నవల రెండో దారి, మూడో దారి తెరుస్తుంది, వాటిని మళ్లీ కలుపుతుంది. అది దాని గొప్పతనం. నవలిక ఒక్క దారే పట్టుకుంటుంది. కానీ కథలాగా మలుపు దగ్గర ఆగదు, ఆ మలుపు వల్ల మనిషి ఏమయ్యాడో చివరిదాకా వెంట నడుస్తుంది. ఈ పనికి ఒకరికి పదమూడు వేల మాటలు చాలొచ్చు, ఇంకొకరికి నలభై అయిదు వేలు పట్టొచ్చు. మెకూవన్ 2012లో నవలిక గురించి వ్యాసం రాస్తూ, వచన కల్పనలో పరిపూర్ణమైన రూపం ఇదేనన్నాడు. పెద్ద నవలలూ రాసిన మనిషి, చేతకాక చిన్నది రాశాడనడానికి లేదు.

కొన్ని పుస్తకాల దగ్గర మంచి పాఠకులకు కూడా మాట కలవదు. హెమింగ్వే ముసలివాణ్ని నేను నవలిక అంటాను, నా స్నేహితుల్లో సగం మంది నవల అంటారు. చలం ‘మైదానం’ 1927లో వచ్చింది, అందరూ నవల అనే పిలుస్తారు. ఒక్కదారి పట్టుకుని వెళ్లే దాని వేగం చూస్తే నాకు నవలిక అనిపిస్తుంది. మీరు ఒప్పుకోకపోతే పుస్తకం తెరిచి ఎక్కడ రెండో దారి ఉందో చూపించండి, వింటాను. అలాంటి వాదన ఎంతసేపైనా చేయొచ్చు. మాటలు లెక్కపెట్టి తేల్చేస్తే ఆ వాదనకు చోటే లేదు.

పోటీకి పంపుతున్నవాళ్లు ఆ పోటీ నిబంధన చదవండి, మాటలు లెక్కపెట్టుకోండి, సరిపోతే పంపండి. సరిపోకపోతే ఆ పోటీని వదిలేయండి, రచనను ముట్టుకోకండి. ఆ వరండా రచయిత్రికి నేను చెప్పింది కూడా అదే: కొత్త ప్రతి పక్కన పెట్టి, మొదటిదే ఇంకో చోటికి పంపమని.